నవత గొంతు దించిన రోజు

ఆ రోజు నవత పెట్టుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే అత్తమ్మను కోరుట్ల బస్సెక్కించాలి. వంట చేసి పెట్టాలి. మధ్యాహ్నం ఇస్త్రీ చీర కట్టుకొని బడికి పోయి, టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చి రావాలి. ఈ పనుల మధ్యలో ఎవరితో ఏం మాట్లాడినా మాట చివర్లో గొంతు కిందికి దించాలి. మెట్‌పల్లిలో ఆ రోజు జరిగిన రభసకంతటికీ ఆ చివరి పనే మూలం. మిగతావాటికి ఏ పాపమూ తెలియదు.

గొంతు దించమన్నది లింగమూర్తి సారు. రిటైరైన ఇంగ్లీషు పంతులు, ఇంటి ముందు రేకుల షెడ్డు కింద స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాడు. చిన్నప్పటి నుంచి రేడియోలో ఇంగ్లీషు వార్తలు విని విని ఆయన గొంతు కూడా వార్తలు చదివే గొంతే అయిపోయింది. ఉప్పు అందుకొమ్మని భార్యను అడిగినా, ఎక్కడో వరదలొచ్చి ఊళ్లు మునిగిన సంగతి చెబుతున్నట్టే ఉంటుంది. ఆమె అలవాటు పడింది.

నవత డిగ్రీ చదివింది, గ్రామరులో తప్పులు రావు. కానీ అంతకుముందు అదే బడికి ఇంటర్వ్యూకు పోతే, ప్రిన్సిపల్ మమతారాణి మేడమ్ అంతా ఓపిగ్గా విని, "ఇంగ్లీషు కరెక్టేనమ్మా, కానీ పాడుతున్నరు. ప్రతి మాటా ప్రశ్న అడిగినట్టే ఉంది. మై నేమ్ ఈజ్ నవత అంటుంటే, అవునో కాదో మీకే అనుమానం ఉన్నట్టు వినిపిస్తుంది" అంది. పోన్లే పాపమని ఇంకొకసారి రమ్మంది.

ఆ సంగతి చెప్పుకుంటే లింగమూర్తి సారు తల ఊపాడు. "మనోళ్ల మాటకు చివర్ల తోక లేస్తదమ్మా. తిన్ననే..., వస్తున్ననే... అని సాగదీసుకుంట పైకి పోతం. తెలుగుల గది ముద్దుగనే ఉంటది. ఇంగ్లీషుల కుదరది. చెప్పే మాట కిందికి దిగాలె. వాట్, వై అని అడిగే ప్రశ్న గూడ కిందికే దిగాలె. అవునా కాదా అని అడిగేటిది ఒక్కటే పైకి పోవాలె."

"నోరు తిరుగుతలేదు సార్."

"తెలుగు మాట్లాడినప్పుడు లేపి, ఇంగ్లీషు మాట్లాడినప్పుడు దించుమంటే ఎట్ల తిరుగుతది? రేపు పొద్దు లేచినప్పటి సంది తెలుగైనా దించే మాట్లాడు. నిండు బిందె కింద పెట్టినట్టు పెట్టాలె మాటను. చుక్క తొణకొద్దు. ఎవలేమనుకున్నా ఫికర్ చేయకు."

నవతకు ఈ ఉద్యోగం ఊరికే ముచ్చటకు కాదు. ఆమె భర్త పరశురాములు మస్కట్‌లో ఏసీ మెకానిక్కు. అక్కడి కాంట్రాక్టు అయిపోవచ్చింది, కొత్త కాగితం మేనేజరు బల్ల మీద ఉంది, ఆ రోజు సాయంత్రంలోగా సంతకం పెడతాడో పెట్టడో చెప్పాలి. "నీకు బడిల కొలువొస్తే సంతకం పెట్ట, ఇంటికొచ్చి ఈడనే దుకాణం పెట్టుకుంట. రాకపోతే పెడ్త" అని పరశురాములు ముందే చెప్పాడు. సంతకం పెడితే మళ్లీ రెండేళ్లు. పెళ్లయినప్పటి నుంచి ఇద్దరూ కలిసి ఉన్న రోజులన్నీ కూడినా ఒక ఏడాది నిండదు. నవతకు ఆయన రావాలి. అంతే.

గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లలో ఒక కట్టుబాటుంది. ఇంట్లో ఎవరైనా పోతే ఆ మాట ఫోనులో చెప్పరు. అక్కడ ఒంటరిగా ఉన్నవాణ్ని పట్టుకొని ఓదార్చేదెవరు? అందుకని, "అందరం మంచిగనే ఉన్నం, జర ఒకసారి వచ్చిపో" అంటారు. అసలు సంగతి వాడు ఇంటి వాకిట్లో దిగాకే తెలుస్తుంది. అయితే అక్కడున్నవాళ్లూ వెర్రివాళ్లు కారు. మాటలను నమ్మడం వాళ్లు ఎప్పుడో మానేశారు, గొంతును మాత్రమే వింటారు. పరశురాములు తండ్రి పోయిననాడు కూడా, "బాపు మంచిగనే ఉన్నడు" అనే చెప్పారు. చెప్పినవాళ్ల గొంతు చివర్లో కిందికి దిగింది. దాంతోనే అతను సంచి సర్దుకున్నాడు.

ఇది తెలిసీ నవత ఆ పొద్దున గొంతు దించింది. ఇంటర్వ్యూ ధ్యాసలో పడి కట్టుబాటు మరిచింది.

బెండకాయలు కోస్తుండగా ఫోను మోగింది. డ్యూటీకి పోయే ముందు రోజూ చేసే ఫోనే.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు పరశురాములు.

"బెండకాయలు కోస్తున్న."

వేరే రోజైతే ఆ మాట సాగుతూ సాగుతూ అటక దాకా పోయేది. ఇవాళ నేల మీద కూర్చుంది. 

"ఏమైంది?"

"ఏం కాలే."

"అందరు మంచిగున్నరా?"

"అందరం మంచిగనే ఉన్నం."

"అవ్వ?" అని తల్లి సంగతి అడిగాడు.

"అవ్వ మంచిగనే ఉన్నది."

"జర అవ్వకియ్యి ఫోను."

నవతకు చిక్కు వచ్చిపడింది. అత్తమ్మ శంకరవ్వ కోరుట్లలో పళ్ల డాక్టరు దగ్గరికి కట్టుడుపళ్లు పెట్టించుకోవడానికి పోయింది. పోతూ పోతూ కోడలితో ఒట్టు వేయించుకుంది. "గీ వయసుల పండ్లెందుకే అని నవ్వుతడు వాడు. చెప్పకు. వచ్చినంక నోరు తెరిచి చూపిస్త" అంది.

"అవ్వ ఇంట్ల లేదు."

"ఏడికి పోయింది?"

నవత ఒక్క క్షణం తడబడింది. "వస్తది."

"ఎప్పుడొస్తది?"

"వస్తది. నువ్వు ఫికర్ చేయకు."

ఒక్కొక్క మాటనూ బిందె దించినట్టు దించింది, చుక్క తొణకలేదు. ఎంత బాగా మాట్లాడానో చూశావా అని అడుగుదామనుకుంది కానీ, ఉద్యోగం వచ్చాక సాయంత్రం చెబుదామని దాచుకుంది. ఫోను పెట్టేసి హాయిగా పోపు వేసింది. అక్కడ మస్కట్‌లో పరశురాములు బూటు ఒక కాలికే వేసుకొని మంచం మీద కూలబడ్డాడు.

తర్వాత అతను చేసిన పని ఎవరైనా చేసేదే. మెట్‌పల్లి పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం నడిపే బాబాయి కొడుకు నరేశ్‌కు ఫోను కలిపాడు. "నరేశ్, నాకు నిజం చెప్పు. అవ్వకు ఏమైంది?"

నరేశ్‌కు ఏమీ తెలియదు. తెలియదని చెబితే కథ అక్కడే అయిపోయేది. కానీ నరేశ్ బుర్ర చురుకైనది. ఊళ్లో ఉన్న తనకంటే ముందే మస్కట్‌కు తెలిసిందంటే సంగతి ఖాయమన్నమాట, ఇక అన్నకు ఫోనులో ఆ మాట చెప్పకుండా కాపాడే బాధ్యత తనదే అనుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఏం కాలే అన్నా. పెద్దమ్మ మంచిగనే ఉన్నది. నువ్వు ధైర్నంగుండు."

ఆ మాటతో పరశురాములుకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. తెలియనివాడు అడిగాడు, తెలియనివాడు చెప్పాడు, ఇద్దరికీ పూర్తిగా తెలిసిపోయింది.

నరేశ్ షట్టరు దించి బయలుదేరాడు. దారిలో చాయ్ హోటల్ దగ్గర ఆగి చెప్పాడు, టెంటు హౌజు కొండల్‌కు చెప్పాడు. దుకాణం నుంచి హోటల్ దాకా పోయేసరికి పెద్దమ్మను రాత్రే కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయారనే ముక్క కూడా కథలో చేరింది. అది ఎవరు చేర్చారో ఈ రోజు వరకూ తేలలేదు. నరేశ్ తాను కాదంటాడు.

ముందుగా వచ్చింది పక్కింటి రోజారాణి, చేతిలో చాయ్ ఫ్లాస్కుతో. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, ఇరుగుపొరుగే చాయ్ తెచ్చివ్వాలి. లోపలికి వచ్చి చూస్తే పొయ్యి మీద బెండకాయ వేపుడు చిటపటలాడుతోంది. రోజారాణి గబగబా పోయి గ్యాసు ఆపింది.

"పొయ్యెందుకు ముట్టిచ్చినవక్కా?"

"ఆకలైతది గద," అంది నవత, నేర్చుకున్న పద్ధతిలో.

రోజారాణి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దుఃఖంలో మతి చెదిరితే మనిషి ఇలాగే చేస్తుందని ఎక్కడో విన్నది. "పెద్దమ్మ ఎప్పుడొస్తదక్కా?" అని మెల్లగా అడిగింది.

"మధ్యాన్నం బస్సుకు వస్తది."

రోజారాణి బయటికి ఉరికి, అప్పుడే బండి దిగుతున్న నరేశ్‌ను పట్టుకుంది. "బస్సుల తెస్తున్నరట! అంబులెన్సు దొరకలేదట!"

"బస్సులెట్ల తెస్తరు?" అన్నాడు నరేశ్. రుమాలుతో ముఖం తుడుచుకొని, అంబులెన్సు కోసం నలుగురికి ఫోన్లు చేశాడు. ఆ తర్వాత లోపలికొచ్చి వదిన ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "వదినె, నేనున్న. అన్ని నేనే చూస్కుంట."

ఇంటర్వ్యూకు బండి మీద దింపుతానంటున్నాడనుకుంది నవత. "మంచిది," అంది.

ఆ ఒక్క మాటను ఆమె ఎంత నెమ్మదిగా దించిందో, నరేశ్ బయటికి పోయి గోడకు మొఖం తిప్పుకొని ఏడ్చాడు.

నవత చీర కట్టుకొని బయటికి వచ్చేసరికి వాకిట్లో కొండల్ ఇనుప పైపులు దించుతున్నాడు. వెనక ఆటోలో ఎర్ర కుర్చీలు. నవత నిజంగానే అడగాలనుకొని అడిగింది. అయితే సారు చెప్పినదాని ప్రకారం ఎందుకు అనే ప్రశ్న కూడా కిందికే దిగాలి.

"టెంటెందుకు."

అది కొండల్‌కు ప్రశ్నలా వినిపించలేదు. మనిషే పోయాక ఇంక టెంటెందుకు అని నిట్టూర్చినట్టు వినిపించింది. భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. "గట్లనకు అక్కా. పది మంది వస్తరు. ఎండల కూసోవెట్టుడు మంచిగుండది" అని గుంజ దిగ్గొట్టాడు.

ఆడవాళ్లు వచ్చి గోడ వారన వరుసగా కూర్చున్నారు. మగవాళ్లు కుర్చీల్లో సర్దుకున్నారు. ఎవరూ ఎవరితో మాట్లాడటం లేదు. చావు అన్న మాటను కూడా ఎవరూ పలకలేదు. మనిషిని ఇంటికి తేకముందే ఆ మాట అనడం పద్ధతి కాదు. నవత మాత్రం వచ్చినవాళ్లనందరినీ, "కూసోండ్రి. మంచినీళ్లు తాగుండ్రి" అని దించి దించి పలకరిస్తోంది. ఇంతమంది తన ఇంటర్వ్యూ కోసమే వచ్చారా అని మొదట్లో కొంత మొహమాటపడింది కూడా.

లింగమూర్తి సారు కూడా వచ్చాడు. కబురు తెలిసి, పాఠం మధ్యలో ఆపి వచ్చాడు. "ఎట్లున్నవమ్మా?" అన్నాడు.

"ఏమర్థమైతలేదు సార్."

సారు కళ్లు మూసుకున్నాడు. పక్క కుర్చీ ఆయన వైపు వంగి, "చూసిండ్రా, గింత దుఃఖంల గూడ తోక లేవలే. ముప్పై ఏండ్ల సర్వీసుల గిట్లాంటి స్టూడెంటును చూడలే" అన్నాడు. పక్క కుర్చీ ఆయన ఈ మాటకు ఏమనాలో తెలియక కళ్లు ఒత్తుకున్నాడు.

ఇంటర్వ్యూకు వేళైంది. నవత సంచి భుజాన వేసుకొని గుమ్మం దిగబోతే రోజారాణి చేయి పట్టుకుంది. "గిసొంటప్పుడు ఏడికి పోతవక్కా? కూసో."

"బడికి పోవాలె."

ఆడవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు లేచి వచ్చి నవతను రెండు వైపులా పట్టుకొని కూర్చోబెట్టారు. వెనుక వీధి ఐలవ్వ తల నిమిరింది. ఐలవ్వ చేయి తల మీద పడగానే నవతకు ఒక సంగతి గుర్తొచ్చింది. ఐలవ్వ కొడుకు దుబాయిలో పోయిననాడు ఇలాగే పొయ్యి ఆపారు, ఇలాగే టెంటు వేశారు, ఇలాగే ఊరంతా వచ్చి మాట్లాడకుండా కూర్చుంది. పొద్దుగూకే దాకా ఐలవ్వకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

కట్టుబాటు రెండు వైపులా ఉంటుంది.

నవత పరశురాములుకు ఫోను చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్. డ్యూటీలో ఉన్నా ఆయన ఫోను ఎప్పుడూ ఆపడు. టెంటు గుంజను పట్టుకొని నిలబడిన నరేశ్‌ను పిలిచింది. "మీ అన్నకు ఏమైంది? నాకు చెప్పు."

"అన్నకేమైతది వదినె? అన్న మంచిగనే ఉన్నడు," అన్నాడు నరేశ్, అదే తడి గొంతుతో. "నువ్వు ధైర్నంగుండు."

 ఇంటర్వ్యూ, బడి, సంతకం, అన్నీ ఎటో పోయాయి. రెండేళ్లు కాదు, ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నా సరే, ఆయన బతికి ఉంటే చాలని మొక్కుకుంది. గోడకు ఆనుకొని, నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చింది. ఇప్పటిదాకా ఏడ్వలేదే అని భయపడుతున్నవాళ్లంతా, పోనీలే, లోపలి బరువు దిగుతుందని ఊపిరి పీల్చుకున్నారు.

సరిగ్గా అప్పుడే బస్టాండు నుంచి వచ్చిన ఆటో వాకిట్లో ఆగింది. అందులోంచి శంకరవ్వ దిగింది. నోటి నిండా కొత్త పళ్లు. పీక్కుపోయిన దవడలు నిండి పదేళ్లు చిన్నదైనట్టుంది. ఆ పళ్లు కోడలికి చూపిద్దామని ఆటోలోనే నవ్వు సిద్ధం చేసుకుంది. దిగి చూస్తే టెంటు, కుర్చీలు, గోడ వారన ఆడవాళ్లు, వాళ్ల మధ్యలో ఏడుస్తున్న కోడలు. ముసలామెకు ఒక్కటే తోచింది.

"ఓ నా కొడుకా!" అని వీధిలోనే కూలబడి రాగం ఎత్తుకుంది. "నన్ను ఇడిచిపెట్టి పోతివా కొడుకా..."

అలవాటు చాలా బలమైనది. రాగం వినిపించగానే గోడ వారన ఉన్నవాళ్లంతా తల ఎత్తి చూడకుండానే అందుకున్నారు. నాలుగు చరణాలు నడిచాయి. అయిదో చరణానికి రోజారాణి తల ఎత్తి, ముందు ఎవరు పాడుతున్నారో చూసింది. ఆమె వేసిన కేకకు చేతిలోని ఫ్లాస్కు కింద పడి పగిలింది. కొండల్ కుర్చీ వెనక్కి నక్కాడు. ఒక పెద్దాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"పెద్దమ్మా! నువ్వు బతికే ఉన్నవా?" అన్నాడు నరేశ్.

"నేను షచ్చిన్నని నీకెవలు షెప్పిండ్ర!" అంది శంకరవ్వ. కొత్త పళ్ల సందుల్లోంచి ప్రతి మాటా ఈలై వస్తోంది. "నా కొడుకేడి? నా కొడుకుకేమైంది?"

"అన్నకేం కాలే పెద్దమ్మా, అన్నకేమైతది?" అని నరేశ్ పాపం నిజమే చెప్పాడు. కానీ పొద్దటి నుంచీ ఒకే గొంతులో ఉండి ఉండి అది వదల్లేదు. దాంతో అత్తాకోడళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు పడి మళ్లీ మొదలుపెట్టారు.

ఈ గొడవలోకి మమతారాణి మేడమ్ కారు దిగింది, ఇద్దరు టీచర్లను వెంటబెట్టుకొని. ఇంటర్వ్యూకు రాలేదేమని ఆరా తీస్తే ఊరంతా ఒకటే చెప్పింది మరి. మేడమ్ నేరుగా నవత దగ్గరికి వచ్చి భుజం మీద చేయి వేసి, "అయామ్ సో సారీ, నవతా" అంది.

మేడమ్‌తో ఇంగ్లీషులోనే మాట్లాడాలి. అది నవత బుర్రలో ఎంత గట్టిగా పడిందంటే, ఆ దుఃఖంలోనూ, ఆ కోపంలోనూ ఇంగ్లీషే వచ్చింది.

"సారీ ఫర్ వాట్, మేడమ్? హూ ఈజ్ డెడ్? లుక్, షీ ఈజ్ హియర్! షీ వెంట్ టు కోరుట్ల! ఫర్ టీత్, మేడమ్! ఓన్లీ టీత్! బట్ మై హజ్బెండ్... హిజ్ ఫోన్ ఈజ్ ఆఫ్. వై ఈజ్ ఇట్ ఆఫ్? ఈజ్ హీ ఆల్‌రైట్? దే నో సమ్‌థింగ్. నోబడీ టెల్స్ మీ. ప్లీజ్, మేడమ్... ఈజ్ హీ అలైవ్?"

 బిందెలూ తోకలూ ఏవీ గుర్తులేని ఆ గొంతు లేవవలసిన చోట లేచింది, దిగవలసిన చోట దిగింది, చివర్లో పైకి పోయి అక్కడే వణుకుతూ ఆగిపోయింది. ఇంగ్లీషు ముక్క రాని ఐలవ్వ ఆ చివరి మాటకు లేచి నిలబడి, "అరేయ్, గా పొల్ల పెనిమిటి గురించి అడుగుతున్నది. బతికున్నడో లేడో ఎవలన్న చెప్పుండ్రి!" అని మగవాళ్లను గదమాయించింది.

జవాబు నవత చేతిలోనే మోగింది. పరశురాములు ఫోను. నవత వేళ్లు ఎక్కడ తగిలాయో స్పీకరు ఆనైంది.

"నవతా, ఎయిర్‌పోర్టుల ఉన్న. ఛార్జింగ్ అయిపోయుండె," అన్నాడు.  "రేపు పొద్దుగాల్ల వస్త. నేను వచ్చేదాక అవ్వను తీస్కపోకుండ్రి. మీకు మొక్కుత."

"నువ్వు మంచిగున్నవా!" అని నవత అరిచింది.

"నాకేమైతది? అవ్వ..."

"అవ్వకేం కాలే! గిక్కడనే ఉన్నది!"

"ఇంక చాలు నవతా. నాకెరికైంది. దాయకు."

శంకరవ్వ ఫోను లాక్కుంది. "ఓరి పరశురాములూ, నేనేరా, మీ అవ్వను" అనబోయింది. ఏడ్చి ఏడ్చి గొంతు పూడుకుపోయింది, పళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. వచ్చిన మాటల్లో సగం గాలే. అవతల పరశురాములుకు కోపమొచ్చింది. "ఎవలిది గా గొంతు? ఎవల్నో పెట్టి మాట్లాడిస్తున్నరా? గింత అన్యాలమా?"

కన్నకొడుకే నువ్వెవరని అడిగితే ఏ తల్లి ఊరుకుంటుంది? శంకరవ్వ తిట్టడం మొదలుపెట్టింది. ఒక్క మాట కూడా ఎవరికీ అర్థం కాలేదు. ఏ తిట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో తెలియలేదు. కానీ ఆ పోకడ మాత్రం తప్పలేదు. గబగబా మెట్లెక్కినట్టు పైకి పోవడం, పైన ఒక క్షణం ఆగడం, అక్కడి నుంచి ఒక్కసారిగా విరుచుకు పడటం, చివర్లో అంతా అయిపోయాక మెత్తగా, "తిన్నవా?" అని అడగటం.

ఆ "తిన్నవా?" వినగానే అవతల అనుమానం తీరిపోయింది.

"అవ్వా," అన్నాడు పరశురాములు. పెద్దగా ఏడ్చాడు. "గా తిట్టుడు మా అవ్వదే."

టెంటు కింద అందరూ ఒక్కసారే మాట్లాడసాగారు. నరేశ్ ఫోనుకు దగ్గరగా వచ్చి తన తప్పేమీ లేదని చెప్పుకోబోయాడు, ఎవరూ విననివ్వలేదు. కాసేపటికి పరశురాములే మెల్లగా అన్నాడు. "మరి నేనిప్పుడేం చేయాలె? సంతకం పెట్టి పో అన్నడు మేనేజరు. నో సార్ అన్న. ఇన్నేండ్ల సంది నేను నో అన్నా గాయనకు ఎస్ అన్నట్టే ఇనపడుతుండె. గీసారి గొంతు దిగినట్టున్నది, కాగితం వాపస్ తీస్కున్నడు. నవతా, నీ ఇంటర్వ్యూ ఏమైంది?"

"పోలే," అంది నవత.

 అక్కడ నౌకరి పోయింది, ఇక్కడ కొలువు రాలేదు. పొద్దటి నుంచి ఏదో పోగొట్టుకుందని అందరూ పరామర్శిస్తున్న మనిషి ఇప్పుడు నిజంగానే పోగొట్టుకొని నిలబడింది.

మమతారాణి మేడమ్ గొంతు సవరించుకుంది. "నవతా, ఇందాక నాతో మాట్లాడినరు చూడండి, క్లాసులో గట్ల మాట్లాడగలరా?"

నవత నిజాయితీపరురాలు. "గది కోపంల వచ్చింది మేడమ్. మల్ల వస్తదో రాదో."

"మీకు ఒకటో తరగతి ఇస్తున్న. అరవై మంది పిల్లలు. కోపం దానంతటదే వస్తది. సోమవారం వచ్చి జాయినవ్వండి."

నవత ఫోను వైపు చూసింది. 

"రా," అంది.

ఆ మాట పైకి పోయిందో కిందికి దిగిందో లింగమూర్తి సారును తర్వాత చాలామంది అడిగారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండి సరిగ్గా వినలేదన్నాడు.

కొండల్ టెంటు విప్పబోతే శంకరవ్వ వద్దంది. ఇంతమంది పని మానుకొని తన కోసం వచ్చారు, ఒక్క పూటైనా అన్నం పెట్టకుండా ఎట్లా పంపేది అంది. రేపు కొడుకు వచ్చాక అందరూ కలిసి తిని పోవాలని ఆర్డరు వేసింది. వెళ్లినవాళ్లు పోగా మిగిలిన చుట్టాలు రాత్రి టెంటు కిందే పడుకున్నారు.

మరునాడు పొద్దున పరశురాములు వాకిట్లో కారు దిగాడు. సంచులు దించుకోవడం కూడా మరిచి, తల్లిని పట్టుకొని భోరుమన్నాడు. శంకరవ్వ అందుకుంది. నవత గుమ్మంలో నిలబడి ఏడ్చింది, చుట్టాలంతా ఏడ్చారు. దారిన పోయే ఇద్దరు మనుషులు టెంటును, ఏడుపులను చూసి ఆగారు. చెప్పులు విడిచి, తలలు దించుకొని వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. కాసేపు మర్యాదగా ఊరుకున్నాక, వారిలో పెద్దవాడు శంకరవ్వ వైపు వంగి మెల్లగా అడిగాడు.

"ఎవలు పెద్దమ్మా, పాపం?"

"నేనే బిడ్డా," అంది శంకరవ్వ కళ్లు తుడుచుకుంటూ. "చాయ్ తాగిపోండ్రి."